గాలిమరలతో యుద్ధం

బెంగాల్‌లో ఉంటూ పిల్లలకు తెలుగు నేర్పాలని పట్టుబట్టే వారిని ఏమనాలి? ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో ఇది మాటవరసకు అడిగే ప్రశ్న కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్ర జనం కొలువులు వెతుక్కుంటూ వెళ్లి స్థిరపడిన ఊరది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, పనిచోట హిందీ, దరఖాస్తు ఫారంలో ఇంగ్లిష్. ఇన్నిటి మధ్య ఓనమాలు దిద్దించే ప్రయత్నాన్ని ఇంగ్లిష్‌వాడు ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: క్విక్సాటిక్.

ఈ మాటకు తల్లి ఒక స్పానిష్ నవల. సెర్వాంటెస్ రాసిన 'డాన్ కిహోటే' మొదటి భాగం 1605లో, రెండో భాగం 1615లో వెలువడ్డాయి. వీరగాథలు అదే పనిగా చదివి మతి చలించిన పల్లెటూరి పెద్దమనిషి ఒకడు తానూ వీరుడినేనని నమ్ముతాడు. బక్కచిక్కిన గుర్రమెక్కి లోకాన్ని ఉద్ధరించడానికి బయల్దేరతాడు. గాలిమరలను రాక్షసులనుకుని ఈటెతో కలబడి కిందపడతాడు. స్పానిష్‌లో ఆయన కిహోటే అయినా, ఇంగ్లిష్ విశేషణాన్ని మాత్రం 'క్విక్సాటిక్' అనే పలకాలి.

అలాగని ఆచరణకు రాని ప్రతిదీ క్విక్సాటిక్ కాదు. రెండు గదుల ఇంట్లోకి పట్టని మంచం కొంటే అది ఇంప్రాక్టికల్, అంతే. క్విక్సాటిక్ అనాలంటే వెనక ఒక మంచి ఆశయం ఉండాలి. డిపాజిట్ దక్కదని తెలిసీ అవినీతిని అంతం చేస్తానంటూ నామినేషన్ వేసినవాడిది క్విక్సాటిక్ సాహసం. యుటోపియన్ వేరు. థామస్ మోర్ 1516లో రాసిన 'యుటోపియా' నుంచి వచ్చిన ఆ మాట, లోపమే లేని సమాజం గురించిన ఊహలకు నప్పుతుంది. యుటోపియన్ కలగంటాడు, క్విక్సాటిక్ మనిషి గుర్రమెక్కేస్తాడు. మన 'గొంతెమ్మ కోరిక' దీనికి సరిపోదు. అందులో అత్యాశ ఉంది గానీ ఆదర్శం లేదు.

అయితే ఈ ముద్ర వేసేముందు కాస్త ఆగడం మంచిది. బ్రిటిష్‌వారు స్వాతంత్ర్య యోధులను బంధించిన హిజ్లీ నిర్బంధ శిబిరంలో దేశానికి ఇంజనీర్లను తయారుచేద్దామంటే ఎవరికైనా అది గాలిమరలతో యుద్ధంలాగే తోచేది. 1951 నాటికి అక్కడే దేశంలోని తొలి ఐఐటీ నడుస్తోంది. బెంగాల్‌లో తెలుగుకు అధికార గుర్తింపు కోరడమూ అలాంటిదే అనిపించేది. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది.

హోదా వచ్చినంత మాత్రాన పిల్లలకు గుణింతాలు రావు. ఆ పని ఇంకా సుభాష్‌పల్లి ఇళ్లలోనే జరగాలి. దాన్ని కష్టమైన పని అనండి, ఎవరూ కాదనరు. క్విక్సాటిక్ అనాలంటే మాత్రం, ఆ పిల్లలు అమ్మమ్మ ఊరి నుంచి వచ్చిన శుభలేఖను కూడబలుక్కుని చదవగలరో లేదో చూసి అనండి.