సగటు బాగానే ఉంది, రొయ్యే చచ్చిపోయింది

సెలవులకి ఆకివీడు, కైకలూరు, ఉండి వైపు ఇళ్లకి వెళ్లొచ్చిన మనవాళ్ల నోట తరచూ వినే మాట: "ఇంట్లో సిస్టమ్ పాతదైపోయిందిరా, గేమ్ ఆగి ఆగి నడుస్తోంది. నాన్నని అడిగి కొత్తది కొనిపించుకోవాలి." మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు. రెండోదానికి తొందరపడొద్దనే నా వాదన. పాతదవడం రోగం కాదు. రోగమేంటో తెలుసుకోకుండా మందు కొనడం ఇంజనీరింగ్ చదివేవాళ్లు చేయాల్సిన పనీ కాదు.

"స్క్రీన్ మూల 60 ఎఫ్‌పీఎస్ చూపిస్తోంది, అయినా కుదుపులేంటి?" అని అడుగుతారు. లెక్క చూడండి. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కోదానికి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. 59 ఫ్రేములు 15 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, మిగిలిన ఒక్కటి 115 తీసుకుందనుకోండి. మొత్తం 1000. సగటు 60కి 60! కానీ ఆ ఒక్క ఫ్రేము దగ్గర బొమ్మ టక్కుమని ఆగుతుంది. 2011లో టెక్ రిపోర్ట్ అనే సైట్‌లో స్కాట్ వాసన్ ఈ విషయమే రాశాక, ఎఫ్‌పీఎస్ సగటు బదులు ఒక్కో ఫ్రేముకి పట్టే సమయాన్ని కొలవడం అలవాటైంది.

రొయ్యల చెరువున్న ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇది కొత్త పాఠం కాదు. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది. తెల్లారగట్ల ఆక్సిజన్ అట్టడుగుకి పడిపోతుంది. రోజు మొత్తం సగటు తీస్తే బాగానే కనిపిస్తుంది, కానీ రొయ్య సగటు మీద బతకదు కదా! అందుకే రైతు రాత్రంతా ఏరియేటర్లు తిప్పి, తెల్లారకముందే మీటర్ పట్టుకుని గట్టు మీదకెళ్తాడు. ఆయన కొలిచేది కనిష్ఠాన్ని. మనమూ అదే కొలవాలి.

కొలవడానికి పైసా ఖర్చు లేదు. ఆఫ్టర్‌బర్నర్‌లో ఫ్రేమ్‌టైమ్ గీత పెట్టుకుని ఓ అరగంట ఆడండి. కుదుపు ఎప్పుడొస్తోందో చూస్తే కారణం సగం దొరికినట్టే. మొదట బాగుండి పావుగంట తర్వాత మొదలైతే వేడిని అనుమానించాలి. హీట్‌సింక్‌లో దుమ్ము పేరుకుని, థర్మల్ పేస్ట్ ఎండిపోతే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోడానికి వేగం తగ్గించేసుకుంటుంది. కొత్త ప్రాంతంలోకి అడుగుపెట్టినప్పుడల్లా ఆగితే హార్డ్ డిస్క్‌ని చూడండి. 7200 ఆర్‌పీఎం డిస్క్ ఒక్క చుట్టు తిరగడానికే 8.3 మిల్లీసెకన్లు, అంటే సగం ఫ్రేము సమయం పోయినట్టే. ఏదైనా ఎఫెక్ట్ మొదటిసారి కనిపించినప్పుడు ఆగి, రెండోసారి సాఫీగా పోతే అది షేడర్లు అప్పటికప్పుడు కంపైల్ కావడం కావచ్చు. ఆట మధ్యలో ఎప్పుడుపడితే అప్పుడు వస్తుంటే వెనకాల నడిచే అప్‌డేట్లు, బ్రౌజర్ ట్యాబులు, నిండిపోయిన ర్యామ్ చూసుకోండి.

ఒక్క ర్యామ్ స్టిక్‌తో, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా నడిచే పాత మెషీన్లు మన ఇళ్లలో చాలానే ఉన్నాయి. డీడీఆర్3-1600 ఒక్క ఛానల్‌లో సెకనుకి 12.8 జీబీ మోస్తుంది. జతగా రెండోది పెడితే ఆ దారి 25.6కి పెరుగుతుంది. ఆ దారినే పంచుకునే లోపలి గ్రాఫిక్స్‌కి అదెంత ఊపిరో చెప్పక్కర్లేదు.

ఇక్కడే ఉప్పుటేరు గుర్తుకు రావాలి. బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లోకి నీళ్లు తెస్తాయి. సముద్రానికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అది పూడిపోతే కొల్లేటిని ఎంత వెడల్పు చేసినా ముంపు తప్పదు. అడ్డం డిస్క్ దగ్గరో వేడి దగ్గరో ఉంటే, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొన్నా అంతే సంగతి. కుదుపు పోదు, డబ్బు పోతుంది.

"కొత్త గేమ్స్ పాతవాటి మీద ఎలా నడుస్తాయి?" అంటే నిజమే, కొన్ని నడవవు. 2 జీబీ గ్రాఫిక్స్ మెమరీతో ఇప్పటి పెద్ద ఆటలు లాగలేం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొనాల్సిందేనని కొలత చెబితే కొనండి, తప్పేం లేదు. అప్పుడు నాన్న దగ్గరికి గ్రాఫ్ పట్టుకుని వెళ్లొచ్చు. పంట పోతే అప్పు, ధర పడితే నష్టం అన్నట్టుండే ఇళ్లలో ఆ డబ్బు ఊరికే రాలేదు.

కాబట్టి వరస ఇది: ముందు కొలవండి. మెషీన్ ఆపి, ప్లగ్ తీసి దుమ్ము దులపండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, మళ్లీ కొలవండి. అప్పటికీ కుదుపు పోకపోతే కొనడం గురించి మాట్లాడుకుందాం. ల్యాబ్‌లో రీడింగ్ లేకుండా రికార్డు రాస్తే సంతకం పెట్టరు కదా, మన ఇంటి డబ్బుకి ఆ మాత్రం మర్యాద ఇవ్వలేమా?