హిసాబ్ అడిగితే బేఅదబీనా?

పోయిన జుమ్మా నాడు మా గల్లీ కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. టెన్త్ ఫెయిల్, టైల్స్ పని చేస్తాడు. చేతిలో కొత్త పాస్‌పోర్టు, జేబులో దల్లాల్ రాసిచ్చిన చీటీ. చీటీ మీద రెండే అంకెలు. తన్ఖా 1,200 రియాళ్లు, ఖర్చు 1,20,000 రూపాయలు. "భాయిజాన్, రియాల్‌కి ఇరవై రెండు రూపాయలు వేసుకున్నా నెలకి 26,400. ఐదు నెలల్లో కర్జా ఖతం" అన్నాడు.

ఈ లెక్క ఎవరు చెప్పారు బేటా అంటే దల్లాల్ పేరు చెప్పలేదు, వాళ్ల ఖాలూ పేరు చెప్పాడు. పదిహేనేళ్లు రియాద్‌లో ఉండి వచ్చిన మనిషి! నాకు మండింది అక్కడే. అబద్ధం చెప్పడం దల్లాల్‌కి రోజ్‌గార్. ఖాలూకి ఏమొచ్చింది?

కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాం. రూమ్ కంపెనీది, తిండి మనది. తిండికి, ఫోన్‌కి, సబ్బులకి 350 రియాళ్లు తీసేస్తే మిగిలేది 850. అంటే 18,700 రూపాయలు. ఇంట్లో అమ్మీ, ఇద్దరు చెల్లెళ్లు. కిరాయి, బియ్యం, కరెంటు కలిపి ఎంత బిగబట్టినా 10,000. అప్పుకి మిగిలింది 8,700. ఖాలూ చెప్పిన 26,400 ఎక్కడ, ఈ 8,700 ఎక్కడ?

ఇప్పుడు కర్జా వైపు చూడండి. 1,20,000 దల్లాల్‌కి. మెడికల్, టికెట్, సూట్‌కేసు, నాలుగు జతల బట్టలు, పోయే ముందు రోజు దావత్, అన్నీ కలిపి 30,000. (ఇమామ్ జామిన్ కట్టి ఖాలాలు, ఫుప్పూలు ఇచ్చే చిల్లర ఒక్కటే ఈ సఫర్‌లో వడ్డీ లేని పైసలు.) మొత్తం లక్షన్నర, నూటికి మూడు రూపాయల సూద్ మీద. పోగానే తన్ఖా చేతికి రాదు. ఇఖామా రావాలి, బ్యాంకు ఖాతా తెరవాలి, మొదటి నెల గడవాలి. మూడు నెలలు వేసుకున్నాం. ఆ మూడు నెలల సూద్ 13,500. ఆ మూడు నెలలు ఇల్లు నడవడానికి ఇంకో 30,000 చేబదులు. అంటే మొదటి రూపాయి పంపే రోజుకి నెత్తిమీద 1,93,500. దానికి నెల సూద్ 5,800. పంపే 8,700లో అసల్లోకి పోయేది మూడు వేలు కూడా కాదు.

అలా నెల నెలా తీసివేసుకుంటూ పోతే రెండేళ్ల అగ్రిమెంట్ ముగిసే రోజుకి ఇంకా లక్షా పది వేల దాకా బాకీ ఉంటుంది. ఒక్క నెల కూడా ఖాళీ లేకుండా, జ్వరం రాకుండా, కంపెనీ తన్ఖా ఆపకుండా ఉంటేనే ఈ లెక్క. కుర్రాడు కాగితం వైపు చూసి "గలత్ వేశారేమో భాయిజాన్" అన్నాడు. మళ్లీ వేశాం. అంతే వచ్చింది.

ఈ లెక్క ఖాలూకి తెలియదా? తెలుసు. అనుభవించాడు. చెప్పడు. మనలో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకి ఒక రివాజ్ ఉంది. అత్తరు సీసా ఇస్తారు, కంబళి ఇస్తారు, ఖజూర్ ఇస్తారు, తన్ఖా ఎంతో మాత్రం చెప్పరు. అడిగితే అడిగినవాడు బేఅదబ్. చెల్లి షాదీకి తెచ్చిన సోనా చూపిస్తారు, దాని కోసం గిర్వి పెట్టిన అమ్మ నగ గురించి ఎత్తరు. ఛుట్టీ మీద వచ్చినప్పుడు ఇజ్జత్ కోసం మళ్లీ అప్పు చేసి సామాను తెచ్చినవాళ్లు నాకే తెలుసు. ఆ ఖామోషీని మనం షరాఫత్ అనుకుంటున్నాం. దల్లాల్ దుకాణం దాని మీదే నడుస్తోంది. వాడు చెప్పే అంకెని కాదనే అంకె ఊళ్లో ఎవరి నోటా రాకపోతే ఆ కుర్రాడు దేంతో సరిచూసుకోవాలి?

ఖానూన్ ఏమంటుందో కూడా ఆ పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. లైసెన్స్ ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. మొత్తం 35,400. అంతే. సౌదీ లేబర్ చట్టం ప్రకారం పనివాణ్ని రప్పించుకునే ఖర్చు, ఇఖామా, వర్క్ పర్మిట్ ఫీజు యజమాని మీదే ఉంటాయి. మరి మిగతా 84,600 దేనికి? వాడిది ఈసీఆర్ పాస్‌పోర్టు కాబట్టి ఈ-మైగ్రేట్ ద్వారా క్లియరెన్స్ ఉండాలి, ప్రవాసీ భారతీయ బీమా ఉండాలి. అదే 35,400తో వెళ్తే? మళ్లీ లెక్క వేశాం. మిగతావన్నీ అలాగే ఉంచితే ఏడాదిన్నరలో అప్పు తీరిపోతుంది, రెండేళ్లకి చేతిలో యాభై వేలైనా ఉంటాయి. తన్ఖా అదే, చెమట అదే. దల్లాల్ జేబు ఒక్కటే తేడా.

ఆజాద్ వీసా సంగతి ఇక ఎత్తను, ఎత్తితే తెల్లారుతుంది. ఒక్క మాట. కఫీల్ దగ్గర పని ఉండదు, ఇఖామా డబ్బు నువ్వే కట్టాలి, బయట పని చేస్తూ పట్టుబడితే డిపోర్ట్. ఇందులో ఆజాద్ ఎవరయ్యా?

"ఇన్ని హిసాబ్‌లు వేస్తే ఎవడూ గడప దాటడు, అల్లా మీద తవక్కుల్ పెట్టుకుని పోవాలి" అంటారు పెద్దలు. ముందు ఒంటెని కట్టమన్న మాట వీళ్లకి గుర్తుండదు. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ దేని గురించో తెలుసా? నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పు తీసుకుంటే రాసుకోండి, గవాహ్‌లను పెట్టుకోండి అని. తవక్కుల్ పేరు చెప్పి పిల్లాణ్ని నూటికి మూడు సూద్‌లోకి తోసేది దీన్‌దారీ ఎలా అవుతుంది?

మా సహాఫీలం కూడా తక్కువ తినలేదు. ఎయిర్‌పోర్టుకి పెట్టె వస్తే ఫొటోతో సహా రాస్తాం. ఇరవై ఏళ్లుగా నేనూ రాస్తున్నాను. ఈ కూడికలు తీసివేతలు ఒక్కసారి అచ్చేయలేదు. సాయబుల సంగతే కాదు ఇది. జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి పల్లెల నుంచి పోయిన అన్నలదీ ఇదే లెక్క, ఇదే ఖామోషీ.

వెళ్లొద్దని నేను అనను. ఇక్కడ టైల్స్ పనికి నెలలో పదిహేను రోజులు దొరకడం కష్టమైనప్పుడు వాడి మజ్బూరీ వాడిది. కుర్రాడు ఇంకా ఏమీ తేల్చుకోలేదు. లైసెన్స్ నంబరు అడగడానికి దల్లాల్ దగ్గరికి పోయాడు, వాడు రేపు రమ్మన్నాడట.

వెళ్లొచ్చిన భాయిలారా, మామూలారా, పేరు వద్దు. మొదటి తన్ఖా ఎంత, పోయిన రోజుకి కర్జా ఎంత, ఎన్ని నెలల్లో తీరింది, ఈ మూడు అంకెలు మీ గల్లీ పిల్లలకి చెప్పండి. మా మామూని మొన్న చాయ్ దగ్గర అడిగాను. ముందు గుస్సా అయ్యారు, కప్పు కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. 1993, దమ్మామ్. 600 రియాళ్లు. కర్జా 35,000. తీరడానికి ముప్పై ఒక్క నెలలు. ముమానీకి ఆ సంగతి ఆ రోజే తెలిసింది.