ఐటీ కొలువు సరే.. కాలేయం మాటేమిటి?

ఓబులదేవరచెరువు నుంచి పట్టా పట్టుకుని బెంగళూరు బస్సెక్కుతున్నారా? హైదరాబాద్‌లో కోచింగ్‌కు సిద్ధమవుతున్నారా? అయితే ఈ అంకె మీ కంటపడే ఉంటుంది: 84 శాతం. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే అంతమందికి ఫ్యాటీ లివర్‌ ఉందని 2025లో వెలువడిన అధ్యయనం చెప్పింది. 71 శాతం మందికి ఊబకాయం ఉంది. కేంద్ర ఆరోగ్యమంత్రి జె.పి.నడ్డా లోక్‌సభలోనూ ఈ లెక్క ప్రస్తావించారు.

‘ఇక సాఫ్ట్‌వేర్‌ వద్దు బాబోయ్‌’ అనుకోకండి. ఒక్క నగరంలో 345 మందిని చూసి తేల్చిన లెక్క దేశంలోని ఐటీ వాళ్లందరికీ వర్తించదు. పైగా కొవ్వు చేరడం వేరు, కాలేయం పాడవడం వేరు. ఈ రెండింటి మధ్య కీలక పాత్ర రోగనిరోధక కణాలది.

కాలేయంలో కుఫ్ఫర్‌ కణాలని కాపలా కణాలుంటాయి. పేగుల నుంచి వచ్చే రక్తంలో సూక్ష్మజీవులు కనిపిస్తే మింగేయడం వాటి పని. కొవ్వు భారానికి కాలేయ కణం దెబ్బతింటే ప్రమాద సంకేతాలు వెలువడతాయి. కుఫ్ఫర్‌ కణాలు వాటిని పసిగట్టి టీఎన్‌ఎఫ్‌ లాంటి రసాయనాలు వదులుతాయి. ఆ పిలుపుతో రక్తంలోని తెల్లకణాలు వచ్చి, చచ్చిన కణాలను ఎత్తేసి గాయం మానేందుకు తోడ్పడతాయి. చిన్న గాయమైతే కథ అక్కడితో సరి.

మరి గాయం రోజూ అవుతుంటే? ఎంతకీ క్లోజ్‌ కాని అలర్ట్‌లా వాపు కొనసాగుతుంది. సాయానికొచ్చిన కణాలే బాగున్న కణాలనూ దెబ్బతీస్తాయి. పక్కనున్న స్టెల్లేట్‌ కణాలు కొల్లాజెన్‌ పోగేయడంతో కాలేయం మచ్చలు కట్టి గట్టిపడుతుంది. ముదిరితే సిర్రోసిస్‌. ఇదంతా చాలామందిలో నొప్పి తెలియకుండానే ఏళ్ల తరబడి సాగుతుంది.

మీకు కలిసొచ్చే సంగతొకటుంది. తొలిదశలో దీన్ని వెనక్కి మళ్లించొచ్చు. అధిక బరువున్నవాళ్లు ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతాయి.

అందుకే ఆఫర్‌ లెటర్‌ వచ్చినప్పుడు జీతంతో పాటు షిఫ్టులు, హెల్త్‌ చెకప్‌ సంగతీ అడగండి. రక్తపరీక్షలో ఏఎల్‌టీ మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండిపోవద్దు. ఫ్యాటీ లివర్‌ ఉన్నా అది మామూలుగానే కనిపించొచ్చు. బరువు, షుగర్‌ పెరుగుతుంటే డాక్టర్‌ను కలవండి. కూల్‌డ్రింకులు, అర్ధరాత్రి ఆర్డర్లు తగ్గించండి. శెనక్కాయ చేలల్లో తిరిగిన కాళ్లను రోజంతా కుర్చీకే కట్టేయకండి.