రేబిస్ ఒక్కటే చాలదు

రాయ్‌పూర్‌లో కుక్కల మాట వస్తే చర్చ రేబిస్‌తో మొదలై రేబిస్‌తోనే ముగుస్తుంది. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకని జబ్బు కాబట్టి ఆ భయం సబబే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల్లోనూ వీధికుక్కకు ఆపరేషనుతో పాటు రేబిస్ టీకా తప్పనిసరి. కానీ బూఢా తలాబ్, తెలీబాంధా లాంటి చెరువుల చుట్టూ పెరిగిన ఈ ఊళ్లో, వానాకాలం వస్తే పల్లపు వీధుల్లో నీరు నిలిచే చోట, లెప్టోస్పైరోసిస్‌ను మరిచిపోవడం కుదరదు. ఎలుకల మూత్రంతో బురదలోకి, నిలవ నీటిలోకి చేరే బ్యాక్టీరియా ఇది. వారాల తరబడి అక్కడే బతికి, చర్మం గీసుకుపోయిన చోటు నుంచో నోటి నుంచో ఒంట్లోకి దిగి కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. జబ్బు పడ్డ కుక్క మూత్రం ద్వారా పక్క కుక్కకూ, దాన్ని కడిగే మనిషికీ సోకుతుంది. ప్రపంచంలో ఏటా పది లక్షలకు పైగా మనుషులకు ఇది సోకుతోందనీ, సుమారు 59 వేల మంది చనిపోతున్నారనీ 2015లో వెలువడిన అంచనా. 2018 వరదల తర్వాత కేరళలో డాక్సీసైక్లిన్ మాత్రలు పంచింది దీనికి భయపడే. ఇలాంటి ఊళ్లో లెప్టో టీకా యజమాని ఇష్టానికి వదిలేసేది కాకూడదు.

ఈ టీకా అన్ని రకాలనూ ఆపదు కదా అన్నది బలమైన అభ్యంతరం. నిజమే. ఈ క్రిముల్లో 250కి పైగా రకాలున్నాయి, పాత టీకాలు రెండింటికి, కొత్తవి నాలుగింటికి పనిచేస్తాయి. రక్షణ కూడా ఏడాది పాటే. అయినా కుక్కలను తరచూ మంచాన పడేసే రకాలు కొన్నే, టీకాల్లో ఉన్నవీ ముఖ్యంగా అవే. అందుకే ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం 2024 మార్గదర్శకాలు, ఈ జబ్బు పాతుకున్న ప్రాంతాల్లో దీన్ని తప్పనిసరి టీకాల్లో చేర్చాయి. ఎలుకలను పట్టకుండా కుక్కకు సూది ఎందుకని అడిగేవారికి జవాబు, రెండూ చేయాలనే. ఎలుకలను పెంచే చెత్తను ఎత్తే బాధ్యత నగరపాలికది. అది తీరేదాకా కుక్క ఆగలేదు.

వీధికుక్కల విషయంలో మాత్రం ఇబ్బంది నిజమైనది. ఈ టీకా తొలి రెండు మోతాదుల మధ్య రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి, ఆపరేషనుకు పట్టిన కుక్కను అన్నాళ్లు ఉంచరు. అయితే 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు, బడులు, ఆసుపత్రులు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల పట్టిన కుక్కలను తిరిగి అక్కడే వదలొద్దని, షెల్టర్లలో ఉంచాలని చెప్పింది. కిక్కిరిసిన షెల్టరులో ఒక కుక్క మూత్రం పది కుక్కల కాళ్ల కింద పారుతుంది. మొదలుపెట్టాల్సింది అక్కడ: కుక్కలు ఎలాగూ అక్కడే ఉంటాయి కాబట్టి రెండో మోతాదుకు ఇబ్బంది లేదు. షెల్టర్ల బడ్జెట్‌లో తిండి, సిబ్బంది జీతాల పక్కన ఈ టీకా ఖర్చును రాయ్‌పూర్ నగరపాలిక ఇప్పుడే చేర్చాలి. ఇంట్లో కుక్క ఉన్నవారు జూన్ రాకముందే టీకా కార్డు తీసి, లెప్టో పేరు, దాని తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి.