ఆహ్వానం హక్కు కాదు

1988 జూన్‌లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో పన్నెండు దేశాల మహిళా ఫుట్‌బాల్ జట్లు తలపడ్డాయి. మహిళల జాతీయ జట్లకు ఫిఫా స్వయంగా నిర్వహించిన మొదటి ప్రపంచస్థాయి పోటీ అది. జూన్ 12న గ్వాంగ్‌జౌలో జరిగిన ఫైనల్లో నార్వే 1-0తో స్వీడన్‌ను ఓడించింది. దానికి ఫిఫా పెట్టిన పేరు 'మహిళల ఆహ్వాన టోర్నమెంటు'. ఈ పేరుతోనే నా పేచీ.

ఆహ్వానంలో ఇల్లు ఒకరిది, వచ్చినవాళ్ళు అతిథులు. పిలిచే అధికారం ఉన్నవాళ్ళకి పిలవకుండా ఉండే అధికారం కూడా ఉంటుంది. పిలిస్తే అది వాళ్ళ మంచితనం. పిలవకపోతే నిలదీసే దారి లేదు. పైగా ఇది ఉత్త ఆహ్వానం కూడా కాదు, పరీక్ష. స్త్రీలకు ప్రపంచ పోటీ పెట్టడం కుదురుతుందా లేదా అని తేల్చుకోవడానికి పెట్టింది. పరీక్ష రాసింది స్త్రీలు. ప్రశ్నపత్రం తయారుచేసిందీ, మార్కులు వేసిందీ పురుషులు.

మరి పురుషులు ఏ పరీక్ష రాశారు? 1930లో ఉరుగ్వేలో వాళ్ళ పోటీకి వచ్చినవి 13 జట్లు. అర్హత పోటీలు లేవు, అన్నీ పిలుపు మీద వచ్చినవే. ఐరోపా నుంచి నాలుగు జట్లే ఓడెక్కి వచ్చాయి. అయినా చరిత్రలో అది మొదటి ప్రపంచ కప్. 58 ఏళ్ళ తర్వాత 12 జట్ల స్త్రీలు వస్తే అది ఆహ్వాన టోర్నమెంటు! 1991లో అదే గ్వాంగ్‌డాంగ్‌లో అధికారికంగా పోటీ పెట్టినప్పుడు కూడా 'ప్రపంచ కప్' అన్న పేరు ఇవ్వడానికి మనసొప్పలేదు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ అని, ఒక చాక్లెట్ గోలీల పేరు తగిలించారు. ఆట 80 నిమిషాలకు కుదించారు. మరో పది నిమిషాలు పరుగెత్తితే ఆడవాళ్ళ ఒళ్ళు ఏమైపోతుందని బెంగ పెట్టుకున్నారో! పొద్దస్తమానం నడుం వంచి నాట్లు వేసే స్త్రీలను రోజూ చూసే మనకు ఈ బెంగ అర్థం కాదు.

'ఆదరణ లేదు కాబట్టి అవకాశాలు లేవు' అనేది తరచూ వినిపించే వాదన. చరిత్ర వేరే చెబుతోంది. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లో డిక్ కెర్ లేడీస్ జట్టు ఆటకు దాదాపు 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాలు స్త్రీలకు ఇవ్వకూడదని ఆజ్ఞాపించింది. ఆ నిషేధం దాదాపు అర్ధ శతాబ్దం సాగింది. బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా, పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 దాకా ఇదే కథ. ఆదరణే లేని ఆటను నిషేధించాల్సిన పని ఎవరికుంటుంది?

1971లో మెక్సికోలో, ఫిఫా గుర్తింపు లేకుండానే, అజ్టెకా స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చుని స్త్రీల ఫైనల్ చూశారు. డెన్మార్క్ 3-0తో మెక్సికోపై గెలిచింది. మూడు గోల్సూ 15 ఏళ్ళ సుసానె ఆగస్టెసెన్ కొట్టినవే. అయితే దాన్నీ నేను స్వర్ణయుగం అనను. ఆ వ్యాపారులు గోలు స్తంభాలకు గులాబీ రంగు పూశారు. టిక్కెట్ల డబ్బులో మెక్సికో ఆటగత్తెలు వాటా అడిగితే కాదన్నారు. సమాఖ్య తలుపులు మూసింది, మార్కెట్టు తెరిచి శ్రమను దోచుకుంది. రెండూ పితృస్వామ్యం ముఖాలే.

'1988 జరగబట్టే కదా 1991 వచ్చింది' అంటారు కొందరు మిత్రులు. నిజమే. కానీ 1988 ఎలా వచ్చింది? 1986 ఫిఫా మహాసభలో నార్వే ప్రతినిధి ఎలెన్ విల్లె లేచి, స్త్రీల ఊసే లేని నివేదికను నిలదీశాక వచ్చింది. ఆ సభలో మాట్లాడిన మొదటి స్త్రీ ఆమె. పోరాడి తెచ్చుకున్నదాన్ని వాళ్ళ ఔదార్యం ఖాతాలో రాయడానికి నేను ఒప్పుకోను.

మన సంగతి చూద్దాం. ఆసియా పోటీల్లో మన స్త్రీలు 1979లో, 1983లో రెండో స్థానంలో నిలిచారు. 1983లో మనల్ని ఓడించింది థాయ్‌లాండ్. 1988 పన్నెండు జట్లలో థాయ్‌లాండ్ ఉంది, మనం లేం. 2025 జులైలో అదే థాయ్‌లాండ్‌ను దాని గడ్డమీదే 2-1తో ఓడించి మన జట్టు 2026 ఆసియా కప్‌కు అర్హత సంపాదించింది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఆ అర్హత పోటీల్లో ఆడింది. ఎవరి దయా అక్కర్లేకుండా గెలిచి తెచ్చుకున్న చోటు అది.

కానీ ఆ చోటు దాకా చేరే దారి బడి మైదానంలో మొదలవుతుంది. నేను పరిశోధన కోసం తిరిగిన చాలా ఊళ్ళలో మైదానం అబ్బాయిలదే. అమ్మాయిలకు ఎవరైనా మాస్టారు దయతలిస్తే ఆట, ఆయన బదిలీ అయితే లేదు. పెద్దమనిషి అయ్యాక అసలే లేదు. ఇదీ ఆహ్వాన టోర్నమెంటే.

అందుకే ప్రతి బడిలో, కాలేజీలో ఆడపిల్లలకు మైదానం మీద ఇన్ని గంటలు అని రాతపూర్వకంగా ఉండాలని అడుగుదాం. మార్చుకోవడానికి గది, మరుగుదొడ్డి, శిక్షకురాలు, సమాన భత్యం అడుగుదాం. ఎవరిని పిలవాలో నిర్ణయించే కమిటీల్లో సగం కుర్చీలు అడుగుదాం. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లోనే ఈ ప్రశ్న లేవనెత్తండి.