రిలేకు జంపరు వేస్తే మోటారుకే ఎసరు

వరి పొట్ట మీద ఉన్నప్పుడు స్టార్టరు మాటిమాటికీ పడిపోతుంటే ఎవరికైనా విసుగే. మెకానిక్ వస్తాడు, డబ్బా విప్పి రిలే దగ్గర తీగముక్క కలిపేస్తాడు. ఆ తీగముక్కే జంపరు. స్టార్టరు ఇక పడదు, నిజమే. కానీ మోటారుకు కాపలా పోయినట్టే.

కరెంటు హెచ్చితే ఓవర్‌లోడ్ రిలేలోని పట్టీలు వేడెక్కి వంగుతాయి, స్టార్టరు కాయిలుకు కరెంటు తెంచుతాయి. జంపరు ఉంటే పట్టీలు వంగినా కాయిలు వదలదు. వైండింగు కాలేదాకా మోటారు తిరుగుతూనే ఉంటుంది.

జంపరు వేయకుండా రిలే ముల్లును చివరిదాకా తిప్పేసినా అంతే. లెక్క చూడండి. మీ మోటారు నేమ్ ప్లేటుపై 9 ఆంపియర్లు ఉందనుకుందాం. నడుస్తుండగా ఒక ఫేజు పోతే మిగతా రెండు ఫేజుల్లో కరెంటు సుమారు 1.7 రెట్లవుతుంది. అంటే 15 ఆంపియర్లు. ముల్లు 15 మీద ఉంటే రిలేకు అది మామూలు కరెంటే! అందుకే ముల్లు నేమ్ ప్లేటు అంకె దగ్గరే ఉండాలి.

స్టార్ డెల్టా స్టార్టరైతే లెక్క వేరు. చాలావాటిలో రిలే వైండింగు వైపు ఉంటుంది. అప్పుడు నేమ్ ప్లేటు అంకెను 1.73తో భాగించాలి. 15 ఆంపియర్ల మోటారుకు సుమారు 8.7 వస్తుంది. రిలే ఎటువైపు ఉందో మెకానిక్‌నే అడగండి.

ఎలక్ట్రానిక్ రిలేల్లో కొన్నిటికి కార్డు మీదే చిన్న జంపరు పిన్నులుంటాయి. అవి కంపెనీ పెట్టినవే. ఏది దేనికో రిలేతో వచ్చిన కాగితంలో ఉంటుంది. ఆ కాగితం పారేయకండి, అందాజుగా మార్పించకండి.

తప్పంతా రైతుదే అనడం న్యాయం కాదు. ట్రాన్స్‌ఫార్మరు మీద మోయలేనన్ని మోటార్లుంటే వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి పడితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, రిలే పడుతుంది. దీన్ని సరిచేయాల్సింది విద్యుత్ శాఖే. నలుగురూ కలిసి సబ్‌స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రిలే ఎన్నిసార్లు, ఏ వేళల్లో పడిందో రాసిపెట్టుకుంటే మీ మాటకు బలం ఉంటుంది. జంపరు వేసుకుంటే ఆ సాక్ష్యం కూడా పోతుంది.

బోరులోంచి పైపులు ఎత్తించాలి, వైండింగు చేయించాలి, అన్ని రోజులూ తడి లేదు. ఈ ఖర్చు ముందు రిలే ఖరీదు ఎంత? కరెంటు ఉచితమైనా వైండింగు ఉచితం కాదు కదా!

ఈ వారమే మెకానిక్‌ను పిలవండి. మెయిన్ ఫ్యూజులు తీయించాకే డబ్బా విప్పించండి. జంపరు ఉంటే తీయించండి. రిలే సెట్టింగు అంకెను డబ్బా తలుపు లోపల పెయింటుతో రాయించండి. రేపు ఎవరు వచ్చి ముల్లు తిప్పినా మీకు తెలిసిపోతుంది.