తిరిగొచ్చిన మెయిల్ ఎవరు చదువుతారు?

"ఏందిరా అల్లుడూ, కంప్యూటర్ ఇంజనీరువే గదా, రెండొందల మెయిళ్ళు పంపనీకి ఇంత తిప్పలా?"

2024లో మా చిన్నమామయ్య నాతో అన్న మాట ఇది. ఉస్మానియా క్యాంపస్‌లో 1999లో చదువు ముగించిన ఆయన బ్యాచ్, పాతికేళ్ళయిందని అక్కడే కలుద్దామనుకుంది. నేనుండేది తార్నాకలో, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంకేముంది, పిలుపుల పని నా నెత్తిన పడింది.

చేతికిచ్చిన ఎక్సెల్ షీటు పురావస్తుశాఖ తవ్వకంలా ఉంది. పైన వీఎస్ఎన్ఎల్ కాలం నాటి 'హెచ్‌డీ1' అడ్రసులు. ఆ కంపెనీ 2002లో టాటాల చేతికెళ్ళింది, 2008లో పేరే మారిపోయింది. వాటి కింద హాట్‌మెయిల్, యాహూ, రెడిఫ్. ఆ కింద అమెరికా వెళ్ళినవాళ్ళ యూనివర్సిటీ అడ్రసులు, మొదటి ఉద్యోగాల అడ్రసులు.

నేనేం చేశానంటే, కొత్త డొమైన్ కొని, చవగ్గా ఒక సర్వర్ అద్దెకి తీసుకుని, పోస్ట్‌ఫిక్స్ పెట్టి, పైథాన్‌లో ముప్ఫై లైన్లు రాసి, ఒక రాత్రి అన్నీ ఒక్కసారిగా వదిలాను. పొద్దున లేచేసరికి ఇన్‌బాక్స్ నిండా మెయిలర్ డీమన్! మనలో చాలామంది చేసే పనే నేనూ చేశాను. ఒక ఫిల్టర్ రాసి అన్నిటినీ ఒక ఫోల్డర్లోకి తోసేసి ఆఫీసుకి వెళ్ళిపోయాను.

సాయంత్రం తీరిగ్గా చదివితే తెలిసింది, అవి చెత్త కాదు, జవాబులు. మూడు రకాల జవాబులు.

మొదటి రకం జీమెయిల్ నుంచి, 550 5.7.26 అని. "నువ్వెవరో మాకు రుజువు లేదు" అని దాని అర్థం. తప్పు నాదే. ఈ డొమైన్ తరఫున ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పేది ఎస్‌పీఎఫ్. ఉత్తరం మీద వేసే ముద్ర డీకిమ్. ఈ రెంటిలో ఏదీ 'ఫ్రమ్'లో కనిపించే పేరుతో కలవకపోతే ఏం చెయ్యాలో చెప్పేది డీమార్క్. నేను వీటిలో ఒక్కటీ పెట్టలేదు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా పట్టుబట్టాయి. జీమెయిల్‌కి రోజుకి 5000 దాటి పంపేవాళ్ళకి మూడూ ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. నాలాంటి చిన్నవాళ్ళకి కూడా మొదటి రెంటిలో ఒకటైనా తప్పదు.

రెండో రకం 4తో మొదలయ్యే కోడ్లు. "ఇప్పుడు కాదు, కాసేపాగి రా" అని. కొత్త మొహం కనపడితే కొన్ని సర్వర్లు కావాలనే ఇలా అంటాయి, నిజమైన సర్వరైతే మళ్ళీ వస్తుందని. నాలుగైదు రోజులైనా ప్రయత్నించమని 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321 చెప్తుంది. పోస్ట్‌ఫిక్స్‌లో మామూలుగా ఉండే గడువు ఐదు రోజులు. క్యూ తొందరగా ఖాళీ అవుతుంది కదాని నేను దాన్ని గంటకి కుదించాను. అతి తెలివి!

మూడోది 5.1.1. "ఈ పేరుతో ఇక్కడెవరూ లేరు."

మొదటి రెంటినీ సరిచేసి, రోజుకి కొన్ని చొప్పున పంపితే చాలావరకు చేరాయి. మూడో రకం నలభై దాకా మిగిలాయి. వాటిని జాబితాలోంచి కొట్టేశాను. పద్ధతి ప్రకారం అదే సరైన పని. లేని అడ్రసులకి పంపుతూనే ఉంటే మనల్ని స్పామర్ల కింద జమకడతారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. వాడకుండా వదిలేసిన ఐడీలని 2013లో యాహూ కొత్తవాళ్ళకి ఇచ్చేసింది. అలాంటి అడ్రసు బౌన్స్ అవదు, మన ఉత్తరం ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి చదువుతాడు. దాంతో పోలిస్తే బౌన్స్ ఎంతో నిజాయితీ గల మనిషి.

జాబితా శుభ్రమైంది. పని అయిపోయిందని మామయ్యకి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

కలయికకి మూడ్రోజుల ముందు, క్యాంపస్‌లో పొద్దున్నే నడకకి వెళ్ళిన మామయ్యకి ఆర్ట్స్ కాలేజీ ముందు వాళ్ళ పాత సార్ కనిపించారు. రిటైరై తార్నాకలోనే ఉంటున్నారు. "అందర్నీ పిలిచారంట గదా, సంతోషం" అన్నారట. అంతే, ఇంకేం అనలేదు. మామయ్య మొహం చెల్లక నాకు ఫోన్ చేశాడు.

షీటు తీసి చూశాను. సార్ ఉన్నారు. యాహూ అడ్రసు. 5.1.1. కొట్టేసిన నలభైలో ఆయనొకరు. ఏడాది పాటు తెరవని ఖాతాల్ని యాహూ మూసేస్తుంది, గూగుల్ కూడా రెండేళ్ళు ముట్టుకోని వాటిని 2023 డిసెంబర్ నుంచి తీసెయ్యడం మొదలుపెట్టింది. సార్ వాడేది వాట్సాప్. అదీ మనవరాలు పెట్టిచ్చింది.

ఆ సాయంత్రమే మామయ్యా నేనూ వెళ్ళాం. మా ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాలు. కాలిఫోర్నియాకి చేర్చాను గానీ పక్క వీధికి చేర్చలేకపోయాను! క్షమించండి సార్, మీ మెయిల్ తిరిగొచ్చింది, అని చెప్పబోయాను. ఆయన కోపం లేకుండానే అడిగారు.

"తిరిగొచ్చిందని నీకు తెలుసు గదా బాబూ. మరి అప్పుడే ఎందుకు రాలేదు?"

దీనికి ఏ ఆర్‌ఎఫ్‌సీలోనూ జవాబు లేదు.

నేనంటున్నది ఇంతే. అడ్రసుని కొట్టెయ్యండి, మనిషిని కొట్టెయ్యకండి. నా డేటాబేస్‌లో ఆ రెండూ ఒకే వరస, అదీ అసలు బగ్. మన ఊళ్ళ పోస్ట్‌మ్యాన్ "ఇల్లు మారారు" అని రాసి కవరు తిప్పి పంపితే, ఆ మనిషి లేడనుకోం కదా. ఎక్కడికెళ్ళారని పక్కింట్లో అడుగుతాం.

ఆఫీసుల్లో మనం రాసే సిస్టమ్స్ చూడండి. నో-రిప్లై నుంచి పంపుతాం, బౌన్సులు వచ్చే పెట్టె ఎవరూ తెరవరు. అవతల ఫీజు గడువు ఉంటుంది, ఇంటర్వ్యూ పిలుపు ఉంటుంది, ల్యాబ్ రిపోర్టు ఉంటుంది. మన లాగ్‌లో మాత్రం 'సెంట్'. సెంట్ అంటే మన చెయ్యి దాటిందని, వాళ్ళ చేతికి అందిందని కాదు. 5.1.1 వస్తే మెయిల్ ఆపి, ఎస్ఎమ్ఎస్ పంపడమో, లాగిన్ అయినప్పుడు "మీ అడ్రసు మారిందా?" అని అడగడమో ఎంత పని? రెండ్రోజుల పని. లక్షల్లో పంపేవాళ్ళు ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యలేరు, ఒప్పుకుంటాను. కానీ అడగడం ప్రోగ్రామ్‌తోనే అయిపోతుంది కదా.

ఇంకో విషయం. బౌన్స్ మెయిల్‌కి పంపినవాడి అడ్రసు ఖాళీగా ఉంటుంది, లేకపోతే బౌన్స్‌కి బౌన్స్ పుట్టి రెండు సర్వర్లూ తెల్లార్లూ తన్నుకుంటాయి. అంటే అది ఒక్కసారే చెప్తుంది. వింటే విన్నట్టు, లేకపోతే లేదు.

సార్ కలయికకి వచ్చారు. మిగతా ముప్ఫై తొమ్మిది మందిలో కొందరి ఫోన్ నంబర్లు మామయ్య స్నేహితులు ఆ మూడ్రోజుల్లోనే పట్టుకున్నారు. ఒకాయన పోయి నాలుగేళ్ళయిందని వాళ్ళావిడ చెప్పింది. అది కూడా మెయిలర్ డీమన్ చెప్పలేదు.

రేపు ఆఫీసుకెళ్ళాక, మీ సిస్టమ్‌లో బౌన్సులు ఎక్కడికెళ్తున్నాయో ఒక్కసారి చూడండి.